మోటారు కవాటపు సందు

బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించుట చూడనివారు మన పల్లెలలో నా యీడువారిలో అరుదు. కమ్మరి ఆ పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగానే చేయును. పిడకలు పేర్చి మంట పెట్టి దానిని ఎఱ్ఱగా కాల్చును. కాలిన ఇనుము పెరుగును. అప్పుడు నలుగురు పట్టుకారులతో ఎత్తి చక్రముపై పెట్టి, సుత్తులతో కొట్టి దింపి, వెంటనే నీళ్లు పోయుదురు. చల్లారిన పట్టా ముడుచుకొని చక్రపు చెక్కలన్నిటిని కీళ్లు మూల్గునట్లు బిగించును. ఆ కమ్మరి ఏ పాఠశాలలోను పదార్థవిజ్ఞానము చదివినవాడు కాడు. ఐనను వేడిచే ఇనుము పెరుగునని మాత్రమే కాదు, ఎంత పెరుగునో కూడ ఆతని చేతికి తెలియును.

రైలుదారిలోను ఇట్టిదే కలదు. పూర్వము రెండు పట్టాలు కలియుచోట కంటికి కనబడునంత సందు విడిచెడివారు. బండి సాగుచుండగా తాళము వేసినట్లు మన చెవులకు వినబడిన శబ్దము ఆ సందులదే. వేసవిలో పెరుగుటకు చోటు లేకున్నచో పట్టా వంకరపోవును. నేడు పట్టాలను అతికి మైళ్లకొలది ఏకముగా చేయుచున్నారు. ఆ ఉపాయము వేఱు; దానిని మఱియొకనాడు ముచ్చటించుకొందము.

శ్రోతలారా, నేడు నేను చెప్పబూనినది ఇట్టి మఱియొక సందును గూర్చి. అది మోటారుబండి యంత్రము లోపల నుండును. దాని వెడల్పు అంగుళమును వేయి పాళ్లు చేసినచో అందులో పదునైదో ఇరువదియో పాళ్లు. అనగా దళసరి కాగితము దూరునంత. ఆ సందును ఎవరు విడువవలెను, ఎవరు కాపాడవలెను అను వివాదమునకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవానికి ఇనుపయంత్రముతో పనియేమని మీరు నవ్వవచ్చును. సంధి అను సంస్కృతశబ్దమునకు వికృతియే మన సందు. రెండు కలియుచోటును సంధియే, రెంటినడుమ విడిచిన చోటును సందే. ముప్పదియేండ్లు పిల్లలకు సంధులు చెప్పినవాడనగుటచే ఈ సందును గూర్చి పలుకుటకు నాకు కొంత అధికారము కలదనుకొనుచున్నాను.

ముందుగా యంత్రము మాట. మోటారుబండిలోనిదైనను, మన చేలగట్ల మీద నీరు తోడు ఆయిలు ఇంజనైనను, ఈ విషయమున ఒక్కటే. సిలిండరు అనగా ఇనుపగొట్టము. అందులో పిస్టను పైకిని క్రిందికిని ఆడుచుండును. పెట్రోలు యంత్రమందు అది మొదటిసారి దిగునపుడు పెట్రోలు కలిసిన గాలిని లోనికి పీల్చును. ఎక్కునపుడు దానిని నొక్కును. అంతట నిప్పురవ తగిలి ఆ గాలి మండి పిస్టనును క్రిందికి త్రోయును. పని జరుగునది ఈ త్రోపులోనే. నాల్గవమారు ఎక్కుచు మండిన పొగను బయటికి గెంటును. ఇందుకు రెండు ద్వారములు కావలెను, ఆ ద్వారములకు రెండు తలుపులు కావలెను. కవాటమనగా తలుపే గదా. మన మెకానిక్కులు దానిని వాల్వు అందురు.

ఈ తలుపు ఇంటి తలుపువంటిది కాదు, పుట్టగొడుగువంటిది. దానికి బల్లపరుపైన తలయు, సన్నని కాడయు ఉండును. తల అంచు సీటు అను గుండ్రని గద్దెపై కూర్చున్నపుడు ద్వారము మూతపడును. బలమైన స్ప్రింగు దానిని ఎల్లప్పుడు మూసియుంచును. తెరచునది క్యాము. ఇది తిరుగుచుండు కడ్డీపై ఒకవైపు ఉబ్బియుండు ముద్ద. కోడిగ్రుడ్డును నిలువుగా కోసినట్లుండును. ఉబ్బు వచ్చినపుడు అది టాపెట్ అను చిన్న ఇనుపముక్కను ఎత్తును, టాపెట్ కవాటపు కాడను ఎత్తును. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు బలముచే తల మరల గద్దెపై కూర్చుండును. కాడ కొసకును, దానిని ఎత్తు భాగమునకును నడుమ, కవాటము మూసియున్న సమయమున, విడువబడు చోటే మన సందు.

ఎందుకు విడువవలెను? కమ్మరిని అడుగుడు. ఉక్కు 100 మిల్లీమీటర్ల పొడవుగలది 100 డిగ్రీలు వేడెక్కినచో ఇంచుమించు 0.12 మిల్లీమీటరు పెరుగును. అంగుళపు కొలతలో ఇది 5 వేయవ వంతులు. పొగ పోవు ద్వారపు కవాటమున తల ఎఱ్ఱబడునంత కాలును. కాడ అంత కాలకున్నను మొత్తముమీద సగటున 300 డిగ్రీలు వేడెక్కెననుకొందము. పెరుగుదల 15 వేయవ వంతులు. చుట్టునున్న పోతయినుము కూడ వేడెక్కి కొంత పెరుగును గాని, దానిని నీళ్లు చల్లార్చుచుండుటచే ఆ పెరుగుదల చాల తక్కువ. కావున చల్లగానున్నపుడు చోటు విడువనిచో, వేడెక్కిన కాడ టాపెట్‌పై కాలూని, తలను గద్దెపైనుండి పైకి లేపివేయును. తలుపు ఎన్నడును పూర్తిగా మూతపడదు.

మూతపడని తలుపు వలన బలము తగ్గుట ఒక నష్టము. అంతకంటె పెద్దది వేఱొకటి కలదు. ఆ మండుచున్న తల తన వేడిని వదలుకొను ముఖ్యమార్గము గద్దెయే. మూతపడియున్న ఆ కొద్దిక్షణములలో తల అంచునుండి గద్దెకును, గద్దెనుండి నీళ్లకును వేడి పోవును. కూర్చుండుటకు వీలులేని తలకు చల్లబడుటకును వీలులేదు. సందుగుండ నిప్పువంటి పొగ జివ్వున దూసికొనిపోవుచు అంచును కొఱికివేయును. ఇక సందు ఎక్కువైనచో ఏమగును? కవాటము ఆలస్యముగా తెరచుకొని త్వరగా మూసికొనును, ప్రతిసారి దెబ్బ తగిలి టకటకమని మ్రోగును, భాగములు అరుగును. ఇదియు దోషమే. కాని ఈ దోషము అఱచి చెప్పును. మొదటి దోషము నోరు మెదపదు. సందు తగ్గినకొలది యంత్రము ఇంకను నిశ్శబ్దమగును. బండి యజమాని సంతోషించుచుండగనే లోపల కవాటము కాలిపోవుచుండును.

మన చరిత్రకు మూలము ఇదియే. జనులు నిశ్శబ్దమును కోరిరి. ఇనుము చోటు కోరెను.

జర్మనీదేశమున నికోలస్ ఆటో 1876లో నాలుగు త్రోపుల యంత్రమును నడపినపుడు ఈ చిక్కు ఇంత తీవ్రముగా లేదు. ఆతని యంత్రము నిమిషమునకు 180 చుట్లు మాత్రమే తిరిగెడిది. లోనికి గాలి పోవుటయు నిప్పు తగులుటయు ముందునకు వెనుకకు జరుగు పలకచే జరిగెడివి. డైమ్లరు, మైబాహు అనువారు 1880వ దశకమున చిన్నదియు వేగముగలదియునగు యంత్రమును నిర్మించిరి. అందులో లోనికి గాలి వచ్చు కవాటమును ఎత్తుటకు క్యాము లేదు. పిస్టను పీల్చు పీల్పునకే అది తెరచుకొనెడిది. పొగ పోవు కవాటమును మాత్రము క్యాము ఎత్తెడిది. వేగము పెరిగినకొలది పీల్పునకు తెరచుకొను తలుపు వెనుకబడసాగెను. అందుచే తరువాతివారు రెండింటిని క్యాముచేతనే ఎత్తించిరి. ప్రతి సిలిండరునకు రెండేసి సందులు వచ్చినవి. నాలుగు సిలిండర్ల బండికి ఎనిమిది.

ఈ సందుల చప్పుడును భరింపలేని అమెరికా దేశస్థుడొకడు ఉండెను. చార్లెస్ యేల్ నైటు ఆతని పేరు. పాడిపరిశ్రమను గూర్చి పత్రిక నడపుచుండెడివాడు. తాను తిరుగు బండి కవాటముల మ్రోతకు విసిగి, కవాటములే లేని యంత్రమును చేయబూనెను. సిలిండరులో మఱి రెండు గొట్టములు దూర్చి, అవి పైకి క్రిందికి జరుగుచు తమ ప్రక్కలనున్న రంధ్రములను కలుపుచు విడదీయుచు ఉండునట్లు ఏర్పరచెను. సొంతదేశమున తొలుత ఆదరణ కలుగకున్నను, ఇంగ్లండులోని డైమ్లరు సంస్థ 1908లో దానిని చేపట్టెను. యంత్రము నిజముగా నిశ్శబ్దమైనదే. కాని జరుగు గొట్టములకు చమురు విస్తారముగా కావలెను. వెనుకనుండి నీలిపొగ వెడలెడిది. ఇరువదియైదేండ్లు గడచునప్పటికి ఆ పద్ధతి కార్లలో వెనుకబడిపోయెను. రోకటిపోటునకు వెఱచి రోలునే విడిచినట్లు!

అదే 1908లో అమెరికాలోని డిట్రాయిటు నగరమున హెన్రీ ఫోర్డు తన టి-మోడలు బండిని వెలువరించెను. 1927 వఱకు నూటయేబది లక్షలకు పైగా ఈ బండ్లు తయారైనవి. దీని కవాటముల విషయమున ఫోర్డు చేసిన నిర్ణయము సాహసమనవచ్చును, మొండితనమనవచ్చును. సందును సవరించుటకు మఱచుట్లుగాని, బిళ్లలుగాని ఆతడు పెట్టలేదు. కడ్డీపై క్యాము, దానిపై త్రోపుడుముక్క, దానిపై కవాటపు కాడ, అంతే. కర్మాగారమున ఎట్లు కుదిరినదో అట్లే. సంస్థ చెప్పిన కొలత ఇది: సందు అంగుళములో 64వ వంతునకు తగ్గరాదు, 32వ వంతునకు మించరాదు.

ఇచట పండితుడనగు నాకు ఒక ముచ్చట తోచుచున్నది, మన్నింపుడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కొలతల పట్టిక కలదు. ఎనిమిది పరమాణువులు రథచక్రము లేపిన ధూళికణము. అవి ఎనిమిది ఒక లిక్ష, అనగా ఈపి. ఎనిమిది ఈపులు ఒక యూక, అనగా పేను. ఎనిమిది పేలు ఒక యవ. ఎనిమిది యవలు ఒక అంగుళము. లెక్కించిచూడుడు: అంగుళములో 64వ వంతు పేను! మన అంగుళము ఇంగ్లీషువారి అంగుళముకంటె చిన్నదే. ఐనను 64 అను సంఖ్య అక్కడను ఇక్కడను కుదురుట నాకు వినోదముగా నున్నది. పేను దూరుటకు సందీయని వాని బండి కాలిపోవునని ఫోర్డుగారి తాత్పర్యము.

సవరించు మఱ లేనపుడు సందు మారినచో ఏమి చేయవలెను? మారక మానదు. క్యాము, త్రోపుడుముక్క అరుగుటచే సందు పెరుగును. గద్దెను ఆకుఱాయి పొడితో రుద్ది నునుపు చేసినపుడు కవాటము లోనికి దిగి, దాని కాడ త్రోపుడుముక్కకు చేరువై, సందు తగ్గును. తగ్గినచో కాడ కొసను ఆకురాయితో అరగదీయవలెను. పెరిగినచో క్రొత్త త్రోపుడుముక్క వేయవలెను. కాడను కొట్టి సాగదీయు పద్ధతి కొందరు చేయుచుండిరి కాబోలు, అది నేర్పరితనము కావలసిన పని గనుక వలదనియు, క్రొత్త భాగము కొనుటయే చౌక యనియు సంస్థ తన పుస్తకమున హెచ్చరించెను. చౌకగా భాగములు అమ్మువాని తర్కము అట్లే యుండును. మన కమ్మరికి ఆ పుస్తకము దొరికియున్నచో సుత్తి తీసికొని చిఱునవ్వు నవ్వియుండును.

అయినను ఫోర్డు పక్షమున ఒక మాట చెప్పవలెను. పామరుని చేతికి మఱ ఇచ్చినచో అతడు దానిని త్రిప్పకమానడు. చప్పుడు వినబడగానే బిగించును. బిగించిన సందు కంటె వదులైన సందు మేలని ఎఱుగని కోట్లకొలది చేతులనుండి యంత్రమును కాపాడుటకు మఱయే లేకుండ చేయుట ఒక ఉపాయము. ఆ యంత్రము మెల్లగా తిరుగునది. పూర్తి బలమునకు నిమిషమునకు 1600 చుట్లే. కావున కొంత హెచ్చుతగ్గును సహించెడిది. 1932లో వచ్చిన ఫోర్డు ఎనిమిది సిలిండర్ల యంత్రమునందును ఇదే పద్ధతి సాగినది.

ఇతరులు, ముఖ్యముగా ఇంగ్లండువారు, యజమాని చేతిని నమ్మిరి. మఱయు, దానిని కదలకుండ పట్టు నట్టును పెట్టి, కొలతను పుస్తకమున అచ్చువేసిరి. నమ్మినపుడు కొలపాత్ర కూడ ఇవ్వవలెను గదా. ఫ్రాన్సుదేశమున పామరు అను శిల్పి 1848లో మఱచుట్లతో సన్నని మందమును కొలుచు పనిముట్టునకు హక్కుపత్రము పొందెను. (ఆయన ఇంటిపేరు అట్టిది, పామరుడు కాడు.) దానిని 1867 నాటి పారిసు ప్రదర్శనమున చూచిన అమెరికా పనిముట్ల నిర్మాతలు తమ దేశమునకు తీసికొనిపోయి వ్యాపింపజేసిరి. స్వీడనుదేశపు యోహాన్సను అద్దమువలె నునుపైన ఉక్కుముక్కలను కొలతలకు ప్రమాణముగా చేసెను. 1923లో ఆయన ఫోర్డు సంస్థలోనే చేరెను. ఇట్టివారి కృషివలననే అంగుళములో వేయవ వంతు అనుమాట పట్టణపు మెకానిక్కు నోట సామాన్యమైనది. మనకు కావలసిన కొలపాత్ర ఫీలర్ గేజి: విసనకఱ్ఱవలె విచ్చుకొను సన్నని ఉక్కురేకులు, ప్రతి రేకుపై దాని మందపు అంకె. కొందరు రంపపు బ్లేడు ముక్కను దూర్చి సరియనుటను నేను చూచితిని. ఆ బ్లేడు మందము సుమారు 25 వేయవ వంతులు. ఆ పని చేయువారు కొలుచుట లేదు, మ్రొక్కుబడి తీర్చుకొనుచున్నారు.

మూడవ మార్గము 1930లో కాడిలాక్ సంస్థ తన పదునారు సిలిండర్ల బండిలో చూపెను. సందును మనిషి చేతికి గాని కర్మాగారపు కొలతకు గాని విడువక చమురునకు అప్పగించెను. యంత్రపు చమురు ఒత్తిడిచే ఒక చిన్న భాగము తనంతట జరిగి సందును మూసికొనుచు, ఇనుము పెరిగినపుడు వెనుకకు తగ్గును. చప్పుడు లేదు, కాలుట లేదు. ఈనాటి కార్లలో పెక్కింటిలో ఇట్టి ఏర్పాటే యుండుటచే యువకులకు ఈ సందు పేరే తెలియదు. పాతబండిని చక్కబెట్టువారికి మాత్రము అది తప్పని చదువు.

మన దేశమున ఆ చదువునకు పెద్ద పుస్తకము అంబాసిడరు. కలకత్తా దగ్గఱ ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులతో 1950వ దశకము చివర దీనిని ప్రారంభించి 2014 వఱకు చేసిరి. కలెక్టరుగారు వచ్చినను, పెండ్లికొడుకు వచ్చినను ఆ బండిలోనే వచ్చెడివారు గదా. తొలుత ప్రక్కకవాటముల యంత్రముండెను. కొలదికాలమునకే 1489 ఘనసెంటీమీటర్ల యంత్రము, తలపై కవాటములుగలది, వచ్చెను. ఇంగ్లండులో 1952లో ఆస్టిన్, మారిస్ సంస్థలు కలియగా ఏర్పడిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషనువారి బి-శ్రేణి యంత్రమిది. ఇందు క్యాము క్రిందనుండి పొడవైన కడ్డీని త్రోయును. కడ్డీ ఏతాము దూలమువంటి రాకర్ ఒక కొసను ఎత్తగా రెండవ కొస కవాటమును నొక్కును. సందు రాకర్‌కును కాడకును నడుమ. కొలత 15 వేయవ వంతులు, మిల్లీమీటర్లలో 0.38. ఇంచుమించు కౌటిల్యుని పేనే.

మా ప్రాంతమున ఒక గృహస్థు తండ్రిగారి అంబాసిడరును అమ్మలేక దాచియుంచి, కొన్నియేండ్ల క్రిందట పూర్తిగా విప్పించి క్రొత్త కవాటములు, క్రొత్త పిస్టనులు వేయించెను. పని ముగిసిననాడు మెకానిక్కు యంత్రమును నడిపించి, దాని మూతపై రూపాయిబిళ్లను నిలువుగా నిలబెట్టి చూపెను. బిళ్ల పడలేదు. చప్పుడన్నది లేదు. చూచినవారందఱు మెచ్చుకొనిరి. ఏడెనిమిది నెలలకు ఉదయమున బండి బయలుదేరుటకు మొరాయింపసాగెను. కొండదారి ఎక్కలేక ఆగెను. పై మూత విప్పి తల దింపునపుడు నేనచట నుంటిని. మూడవ సిలిండరు పొగకవాటపు అంచు ఎలుక కొఱికిన రొట్టెవలె ఉండెను. చప్పుడు పోవుటకై సందులను 8 వేయవ వంతులకు బిగించినట్లు మిగిలిన కవాటముల కొలత చెప్పెను. తండ్రి జ్ఞాపకముగా ఉంచుకొన్న వస్తువు. ఖర్చు కంటె ఆ గృహస్థునకు కలిగిన కష్టము వేఱు.

ఇట్టి బండ్లకు ఇంకొక విపత్తు పెట్రోలునుండి వచ్చినది. 1921లో అమెరికాలో మిడ్జిలీ అనువాడు పెట్రోలున సీసపు సమ్మేళనమును కలిపినచో యంత్రము కొట్టుకొనకుండ నడచునని కనుగొనెను. ఆ సీసము మండినపుడు గద్దెలపై పలుచని పూతగా నిలిచి, కవాటపు తల పోతయినుమును నేరుగా తాకకుండ మెత్తవలె కాపాడెడిది. కాని సీసము విషము. 1924లోనే న్యూజెర్సీ కర్మాగారమున దానిని చేయు కార్మికులు ఐదుగురు మరణించిరి. పొగతో వీథులలో పడిన సీసము పిల్లల మెదళ్లకు చేసిన చెఱుపు లెక్కకు అందదు. భారతదేశమున 2000వ సంవత్సరము ఫిబ్రవరినుండి సీసపు పెట్రోలు అమ్మకము నిలిచిపోయినది. ప్రపంచమున చివరిదేశమగు ఆల్జీరియా 2021లో విడిచెను. విడువవలసినదే, అందులకు చింత లేదు. ఐతే ఆ పూత పోవుటచే, పోతయినుపు గద్దెగల పాతయంత్రములు వేగముగా, బరువుతో నడచినపుడు గద్దె తొందరగా అరిగి కవాటము లోనికి దిగిపోవును. తల పైన, కాడ క్రింద ఉన్నను, కాడ పైన, తల క్రింద ఉన్నను ఫలితమొక్కటే: సందు చప్పుడు లేకుండ తగ్గును. ఫోర్డు టి-మోడలు సీసము పుట్టకముందే పుట్టినది, మెల్లగా తిరుగునది గనుక దానికి దీనివలన పెద్ద బాధ లేదు. బాధ 1950, 60 దశకముల బండ్లకే. యంత్రము విప్పినపుడే గట్టి ఉక్కు గద్దెలు దిగగొట్టించుట శాశ్వతమైన మందు. అట్లు చేయించనివారు సందును తఱచుగా కొలువవలెను.

కొలుచు విధము చెప్పి విరమింతును. మొదట, పుస్తకము ఇచ్చిన అంకె చల్లని యంత్రమునకో వేడి యంత్రమునకో చూడవలెను. ఒకదానికి చెప్పినది వేఱొకదానికి వర్తింపదు. క్యామును క్రొత్తగా మలచియుండినచో మలచినవాడు ఇచ్చిన అంకెయే ప్రమాణము. ఏలనన, క్యాము ఉబ్బు మొదలుచోట కవాటమును దెబ్బతగులకుండ ఎత్తుటకు చిన్నవాలు ఉండును, ఆ వాలు ఇంత సందునకు అని లెక్కకట్టియే చేయుదురు.

పిదప, ఏ కవాటమును కొలుచుచున్నామో దాని క్యాము ఉబ్బు సరిగా వెనుకవైపు ఉండవలెను. దీనికి ఒక చక్కని లెక్క కలదు. పిల్లలకు గణితము చెప్పినకాలమున నాకు తెలిసియుండినచో వారికి వినిపించియుందును. అంబాసిడరు యంత్రమున ముందునుండి వెనుకకు ఎనిమిది కవాటములు: మొదటిది, నాల్గవది, అయిదవది, ఎనిమిదవది పొగవి; తక్కినవి గాలివి. ఎనిమిదవది పూర్తిగా తెరచియున్నపుడు మొదటిదానిని కొలువవలెను. ఆఱవది తెరచినపుడు మూడవది. నాల్గవది తెరచినపుడు అయిదవది. ఏడవది తెరచినపుడు రెండవది. తిరుగవేసినను అంతే. ప్రతిజత మొత్తము తొమ్మిదియే. ఒకటవ, నాల్గవ పిస్టనులు ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుచు, పనిలో మాత్రము ఒక పూర్తిచుట్టు ఎడముగా నుండుటయు, రెండు, మూడు అట్లే యుండుటయు దీనికి కారణము.

రేకును దూర్చి లాగినపుడు చేతికి రవంత పట్టు తెలియవలెను. వెన్నలో కత్తివలె జారరాదు, చిక్కుకొనరాదు. నట్టు బిగించునపుడు మఱ కూడ కొంచెము తిరుగును గనుక బిగించిన పిదప మరల రేకు దూర్చి చూడవలెను. రాకర్ కొస అరిగి గుంటపడియున్నచో రేకు గుంటను ముట్టక దాని అంచులపైననే నిలిచి తక్కువ చూపును. నిజమైన సందు అంతకంటె ఎక్కువ. అట్టి రాకర్‌ను మలిపించియో మార్చియో కొలువవలెను గాని, చప్పుడు పోలేదని మఱను ఇంకను బిగింపరాదు. అరిగిన రాకర్ చప్పుడును సందు చప్పుడుగా భ్రమించియే మా ప్రాంతపు గృహస్థు బండి కవాటమును కాల్చిరని, విప్పిన రాకర్లను చూచినపుడు నాకు తోచెను.

క్రొత్తగా కూర్చిన యంత్రము 500 మైళ్లు నడచిన తరువాత పై తలను పట్టు నట్లను మరల బిగింతురు. బిగించినకొలది నడుమనున్న పొర నలిగి, తల వెండ్రుకవాసి క్రిందికి దిగును; త్రోపుడుకడ్డీ పొడవు మాత్రము మారదు. కావున సందు మరల తగ్గును. ఆ ఎనిమిదింటిని ఆనాడు మరల కొలిచిన తరువాతనే మూత వేయవలెను.